సాగర్‌కు మళ్లీ, ఈసారి ఆయనతో

ప్రశ్న: మా పెదనాన్నగారు నాగార్జునసాగర్ ప్రాజెక్టులో ఉద్యోగం చేసేవారు. హిల్ కాలనీలోని వారి క్వార్టర్‌లోనే నా చిన్ననాటి సెలవులన్నీ గడిచాయి. ఆయన రిటైరయ్యాక మేమెవ్వరం అటు వెళ్లలేదు. నాకు పెళ్లయి మూడేళ్లయింది, మావారిది విశాఖపట్నం. ఈ వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు ఆయనను తీసుకువెళ్లాలని ఎంతో ఆశగా ఉంది. ‘డ్యామ్ చూడటానికి అంత దూరమా? సరే, వెళ్దాంలే’ అంటున్నారు ఆయన. కాలనీ పాడుపడిపోయిందని మా అక్క చెబుతోంది. తీరా వెళ్లాక నా సంతోషం ఆయనకు అర్థం కాకపోతే తట్టుకోలేనేమోనని భయం. వెళ్లమంటారా? వెళితే ఒక్క రోజు చాలునా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీ భయం అకారణమైనదని మాత్రం నేను అనను. మీరు ఆయనకు చూపించాలనుకుంటున్నవాటిలో చాలా భాగం ఇప్పుడు అక్కడ కంటికి కనిపించేవి కావు. పెదనాన్నగారు డ్యూటీ దిగి ఇంటికి వచ్చే వేళ, పిల్లలందరికీ ఒకే వరుసలో వేసిన పక్కలు, రాత్రిపూట పెద్దవాళ్లు నీటిమట్టం గురించి మాట్లాడుకునే మాటలు మీ జ్ఞాపకంలోనే ఉన్నాయి. అందుచేత వాటిని బయలుదేరక ముందే, ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడు ఆయనకు చెప్పండి. క్వార్టర్ ముందు నిలబెట్టి చెప్పడం మొదలుపెడితే, వినేవారికి పెచ్చులూడిన గోడ కనిపిస్తుంది, మీరేమో ఆయన ముఖంలో మీ ఆనందం ఎంతవరకు చేరిందోనని వెతుకుతూ ఉంటారు. దంపతుల ప్రయాణాలు చెడిపోయేది ఎక్కువగా ఆ వెతుకులాట దగ్గరే.

ఇంకొక మాట. ఆయన సెలవులు చిన్నప్పుడు ఎక్కడ గడిచాయో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. విశాఖలో పుట్టి పెరిగినవారికి సముద్రం ఇంటి ముందరిదే కాబట్టి, వారు సెలవులకు ఏ అమ్మమ్మగారి ఊరికో, ఏ అరకుకో వెళ్లి ఉండవచ్చు. అడగండి. ఆయన ‘వెళ్దాంలే’ అన్నారంటే కాదనలేదన్నమాట. ఆయన చోటు గురించి మీరు ఆసక్తిగా అడిగితే, మీ చోటు ఎందుకంత ముఖ్యమో వేరే వివరించనక్కరలేకుండా ఆయనకు తెలుస్తుంది.

మీ అక్కగారి మాటకు వస్తాను. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలిన ఆనకట్ట అది. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ దానిని కట్టినవారి కోసం, నడిపినవారి కోసం వెలసిన కాలనీలు. పని పూర్తయి, ఉద్యోగులు తగ్గుతూ వచ్చిన కొద్దీ క్వార్టర్లు కళ తప్పడంలో వింత లేదు. మీ పెదనాన్నగారి ఇంట్లో ఇప్పుడు మరొకరు కాపురం ఉంటే, గేటు బయటి నుంచే ఒక్క మాట అడిగి, వారు లోపలికి రమ్మంటేనే వెళ్లండి, ఫొటోలు కూడా అడిగే తీయండి. అలాగే ఆనకట్ట మీద నడిచే ఆశ పెట్టుకోకండి. 2014 తరువాత ఎడమ గట్టు తెలంగాణకు, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 2023 నవంబరు చివర రెండు రాష్ట్రాల మధ్య తలెత్తిన వివాదం తరువాత అక్కడ కేంద్ర బలగాలను కాపలా పెట్టారు. చిన్నప్పుడు ఇటునుంచి అటు తిరిగినట్లు తిరగలేకపోవడం మిమ్మల్ని బాధిస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

గేట్ల సంగతి: ఇరవై ఆరూ ఒకేసారి ఎత్తుతారని ఆయనకు మాట ఇవ్వకండి. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. శ్రీశైలం నుంచి ఎంత వరద దిగుతోందన్న దానిని బట్టి కొన్ని గేట్లు కొన్ని అడుగుల మేరకు ఎత్తుతారు, ప్రవాహం పెరిగితే సంఖ్య పెంచుతారు. నీరు స్పిల్‌వే మీదుగా తెల్లగా జారి కింద విరిగినప్పుడు లేచే తుంపర దూరాన ఉన్నవారి బట్టలను సైతం తడుపుతుంది. పక్కవారి మాట వినపడనంత హోరులో ఆయనకు మీరు ఏదీ వివరించలేరు, అదే మంచిది. శని, ఆదివారాల్లో జనం విపరీతంగా ఉంటారు కనుక మామూలు రోజునే పెట్టుకోండి.

నా అభిప్రాయంలో మీ ప్రయాణంలో ముఖ్యభాగం, జలాశయం మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ కావాలి. చిన్నప్పుడు మీరు లాంచీ సరదా కోసం వెళ్లి ఉంటారు, మ్యూజియంలో పెద్దవాళ్ల చేయి లాగి ఉంటారు. కాబట్టి అది మీకూ దాదాపు కొత్త చోటే, ఇద్దరూ సమానంగా చూడగలిగినది. జలాశయం ముంచేయబోయే లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, బయటపడిన కట్టడాలలో కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని జలాశయం ఒడ్డునున్న అనుపుకు తరలించి తిరిగి నిలబెట్టారు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీటి అడుగునే ఉంది. మునిగిన లోయ నమూనా మ్యూజియంలో ఉంది. దాని ముందు కాసేపు నిలబడండి, ఏ చైత్యం (బౌద్ధుల ఆరాధనా కట్టడం) ఎక్కడ ఉండేదో, మీ లాంచీ దేని మీదుగా వచ్చిందో ఇద్దరూ కలిసి పోల్చుకోవచ్చు. లేత ఆకుపచ్చ ఛాయగల పలనాటి సున్నపురాతి శిల్పాలను దగ్గరగా చూడండి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి అక్కడి మహాచైత్యానికి దాత. ఆ రాజవంశపు స్త్రీలు చేసిన దానాలను శాసనాలు పేర్లతో సహా చెబుతాయి. కొండ మీద తిరిగి కట్టిన స్నానఘట్టం మెట్ల మీద కూర్చుంటే, అవి వేరే చోటునుంచి వచ్చిన రాళ్లని తెలిసినా, మనసు వాటిని పరాయివిగా భావించదు. నాకు ఆ కొండ మీద ఉన్న గౌరవానికి అదొక కారణం.

ఇక ఒక్క రోజు చాలదు. హైదరాబాదు నుంచి సుమారు నూటయాభై కిలోమీటర్లు వచ్చి, సాయంత్రానికే తిరిగిపోవాలన్న తొందరలో ఎవరికీ ఏదీ నచ్చదు. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరుకుని, ముందుగా క్వార్టర్ దగ్గరికే వెళ్లండి. అక్కడ మీకు దుఃఖం వస్తే రానివ్వండి, దాచుకోకండి, ఆయననూ ఓదార్చమని అడగకండి. సాయంత్రం గేట్ల దగ్గర గడపండి. మరునాడు ఉదయం కుడి గట్టున ఇప్పుడున్న విజయపురి సౌత్ అనే ఊరి నుంచి లాంచీ ఎక్కండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు కనుక ఆ రోజు తప్పించండి. గాలి, వరద ఎక్కువైతే లాంచీలు ఆపుతారు కాబట్టి ముందురోజే విచారించండి. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మరువకుండా లైఫ్ జాకెట్ ఇద్దరూ వేసుకోండి. లాంచీ ఆగిపోయిన రోజైతే అనుపు, ఎత్తిపోతల జలపాతం మీకు సరిపోతాయి. రెండు గట్ల మీదా పర్యాటక శాఖ వారి వసతి ఉంది, గేట్లు ఎత్తిన రోజుల్లో గదులు దొరకడం కష్టం, ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఏ గట్టున దిగాలో మాత్రం ఆయననే చెప్పనివ్వండి.