వేపనూనె పోసినా దోమలు తగ్గట్లేదా?

ప్రశ్న: ఇంటి పక్క ఖాళీ స్థలంలో వాననీళ్లు నిలిచి దోమలు పుడుతున్నాయి. రసాయన మందులు వద్దని వేపనూనె పోశాం. తెట్టులా తేలింది, లార్వాలు అలాగే తిరుగుతున్నాయి. ఎందుకని?
- ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: నూనె ఒక్కటే పోస్తే అంతే, గాలికి ఓ మూలకు చేరిపోతుంది. 50 మి.లీ. గానుగ వేపనూనెలో ముందు 5 మి.లీ. గిన్నెలు తోమే లిక్విడ్ వేసి బాగా గిలక్కొట్టండి. ఆ తర్వాతే నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ లీటరు చేయండి. పాలలా తెల్లబడాలి, పైన నూనె చుక్కలు కనిపిస్తే సబ్బు చాలలేదన్నమాట. చదరపు మీటరుకు 50 మి.లీ. చొప్పున సాయంత్రం పూట పిచికారీ చేయండి. లార్వాల మీద పనిచేసేది వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం, అది ఎండకు త్వరగా పాడవుతుంది. కలిపింది ఆ రోజే వాడేయాలి. చలికి నూనె గడ్డకడితే సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, పొయ్యి మీద మాత్రం కాదు.

చాలా లార్వాలు కుబుసం విడవలేక చస్తాయి, అందుకే ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. నీళ్లు ఇంకేదాకా వారానికోసారి మళ్లీ కొట్టండి.

తాగే నీళ్లలో, చేపల తొట్టిలో వద్దు. వాడుకనీటి డ్రమ్ములకైతే ఇదంతా అనవసరం: వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్దండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున ఆ గోడకే అంటుకుని ఉంటాయి.