పాలు ఎంత పట్టాలని అడిగిన అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. పాప నెలలు నిండి, 3 కిలోల బరువుతో పుట్టిందనీ, నీవు వాడవలసిన మందుల దృష్ట్యా చనుబాలు ఇవ్వవద్దని వైద్యులు చెప్పడంతో పుట్టిన నాటి నుంచీ డబ్బా పాలే పడుతున్నావనీ, ఒక పూటకు ఎంత పట్టాలి, ఎన్ని గంటలకొకసారి పట్టాలి అన్న విషయంలో చూడవచ్చిన వారల్లా తలొక మాట చెబుతుంటే ఏమీ పాలుపోవడం లేదనీ వ్రాశావు. చనుబాలు ఇవ్వలేకపోతున్నానన్న బాధ నీ ఉత్తరం నిండా ఉంది. అది వైద్యులు మంచిచెడ్డలు తూచి చెప్పిన మాట, నీవు చేసిన తప్పు కాదు. కనుక దాన్ని గురించి ఇంతకంటే వ్రాయను. పసిపిల్లల వార్డులో 31 ఏళ్లు నర్సుగా పనిచేసిన దానిని కాబట్టి నీవు అడిగిన లెక్కలే వివరంగా చెబుతాను.

డబ్బా పాలకు రెండు కొలతలున్నాయి. పొడికి ఎన్ని నీళ్లు కలపాలన్నది ఒకటి, బిడ్డ ఎంత తాగాలన్నది మరొకటి. మొదటిది డబ్బా మీద అచ్చువేసి ఉంటుంది, అందులో మన ఇష్టాయిష్టాలకు చోటు లేదు. రెండోది మాత్రం బిడ్డ ఆకలిని బట్టి పోవలసినది. దాని గురించి డబ్బా మీద వ్రాసినదైనా, ఇప్పుడు నేను వ్రాయబోయేదైనా అంచనాయే. నేను చూసిన ఇళ్లలో చాలావరకు ఈ రెండూ తారుమారయ్యేవి. అరుగుదలకు మంచిదని పాలు పల్చన చేయడానికి ఎవరూ వెనుకాడేవారు కాదు గానీ, సీసాలో 10 మి.లీ. మిగిలితే మాత్రం అవి బిడ్డ కడుపులో పడేదాకా ఊరుకునేవారు కాదు.

ఇక లెక్కకు వద్దాం. పుట్టిన రోజున బిడ్డ పొట్ట చాలా చిన్నది, కొన్ని చెంచాల పాలకే నిండిపోతుంది. అందుకే మొదటి రోజున బిడ్డ బరువులో కిలోకు సుమారు 60 మి.లీ. చొప్పున రోజు మొత్తానికి లెక్కవేసి, రోజురోజుకూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, వారం తిరిగేసరికి కిలోకు 150 మి.లీ.కి చేరుస్తాం. నీ పాప 3 కిలోలు కనుక మొదటి రోజున 24 గంటలకూ కలిపి 180 మి.లీ., అంటే 8 సార్లు పడితే సారికి 20 మి.లీ.కి కాస్త పైన. వారం నిండేసరికి రోజుకు 450 మి.లీ., అంటే సారికి 55 నుంచి 60 మి.లీ. అన్నమాట. మూడో రోజున 60 మి.లీ. తాగలేదని నీవు ఏడ్చావని వ్రాశావే, ఆ రోజుకు అది తాగవలసిన కొలతే కాదు. ఆరు నెలల లోపు బిడ్డలు చాలామంది కిలోకు 150 నుంచి 200 మి.లీ. మధ్యలో ఎక్కడో ఒకచోట స్థిరపడతారు. నెల నిండేసరికి సారికి 90 నుంచి 120 మి.లీ. దాకా తాగుతారు, పాలకూ పాలకూ మధ్య ఎడం కూడా మూడు నాలుగు గంటలకు పెరుగుతుంది. ఎంత పెద్ద బిడ్డకైనా రోజుకు దాదాపు 960 మి.లీ. దాటుతున్నదంటే అది ఆకలేనా అని వైద్యుణ్ణి అడగవలసిందే.

ఈ లెక్క వేసేటప్పుడు ఏ బరువు తీసుకోవాలన్న సందేహం నీకు వస్తుంది. పుట్టిన తరువాత మొదటి కొద్ది రోజుల్లో బిడ్డలు కొంత బరువు తగ్గడం సహజం. పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గినవారు కూడా ఉంటారు, అయితే అంత తగ్గితే వైద్యులు దగ్గరుండి గమనిస్తారు. పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా, అంటే 10 నుంచి 14 రోజుల వరకు, ఆ పుట్టిన బరువునే లెక్కకు తీసుకో. తరువాత తూచినప్పుడల్లా కొత్త బరువుతో లెక్క మార్చుకో. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకూ, బరువు బాగా తక్కువగా ఉన్నవారికీ, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ ఈ లెక్కలేవీ వర్తించవు. వారి కొలత వారి వైద్యుడే వ్రాసి ఇవ్వాలి. నీ ఎదురింటి అమ్మాయి తన బిడ్డ కొలత చెప్పి నిన్ను కంగారు పెట్టిందన్నావు కనుక ఈ మాట వ్రాస్తున్నాను.

గంటల సంగతి చూద్దాం. మొదటి వారాల్లో రెండు మూడు గంటలకొకసారి, రోజుకు 8 నుంచి 12 సార్లు ఆకలి వేస్తుంది. ఎడం లెక్కించేటప్పుడు పాలు పట్టడం ముగిసిన వేళ నుంచి కాక మొదలుపెట్టిన వేళ నుంచి లెక్కించాలి. ఈ చిన్న పొరపాటు వల్ల ఒక పూట పాలు తగ్గిపోయిన బిడ్డలను నేను ఎరుగుదును. పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా పగలైనా రాత్రైనా నాలుగు గంటలు దాటనివ్వకుండా లేపి పట్టు. బట్టలు కాస్త వదులుచేసి, అరికాళ్లు నిమిరితే లేస్తుంది. బరువు తిరిగి వచ్చి, బిడ్డ ఆరోగ్యంగా ఉందని వైద్యుడు చెప్పిన తరువాత నిద్రపోతున్న బిడ్డను గడియారం చూసి లేపనక్కరలేదు. నా పెద్దకూతురిని అలాగే మూడు నెలలు లేపి పట్టాను. ఆనాడు నాకింకా ఈ ఉద్యోగం రాలేదు. దాని నిద్రా పోయింది, నా నిద్రా పోయింది, ఒరిగినదేమీ లేదు.

కొన్ని రోజులు ఈ క్రమమంతా చెదిరిపోతుంది. రెండు మూడు వారాల వయసులో ఒకసారి, ఆరు వారాల దగ్గర మరొకసారి బిడ్డ గంటకొకసారి పాలకు ఏడుస్తున్నట్టు అనిపిస్తుంది. ఎదుగుదల ఊపందుకున్నప్పుడు అలా జరుగుతుంది, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. సాయంత్రాలు కూడా కొందరు పిల్లలు కొంచెం కొంచెంగా, వెంటవెంటనే తాగి రాత్రి ఎక్కువసేపు పడుకుంటారు. సీసా ప్రతిసారీ ఖాళీ అయి, ఇంకా వెతుకుతూ ఉంటే తరువాతి సారి 10 నుంచి 15 మి.లీ. ఎక్కువ కలుపు. అంతేగాని ఉన్న పాలను చిక్కబరచకు.

ఆకలిని ఏడుపుతో గుర్తించాలనుకుంటే ఆలస్యమైపోతుంది. తల అటూ ఇటూ తిప్పుతూ నోటితో వెతకడం, పెదవులు చప్పరించడం, పిడికిలి నోటికి తీసుకుపోవడం ముందుగా వచ్చే గుర్తులు. అప్పుడే సీసా అందుకుంటే బిడ్డ నెమ్మదిగా తాగుతుంది. ఏడ్చి ఏడ్చి అలసిన బిడ్డ గాలి మింగి, రెండు గుక్కలు తాగి నిద్రపోతుంది. కడుపు నిండిన గుర్తులు కూడా అంతే స్పష్టంగా ఉంటాయి. చప్పరింత నెమ్మదిస్తుంది, పిడికిళ్లు విచ్చుకుంటాయి, మొహం పక్కకు తిప్పుకుంటుంది, పెదవులు బిగిస్తుంది. అప్పుడు సీసాలో ఎంత మిగిలినా తీసేయాలి. పాలు వృథా అవుతాయని నీకు బాధగా ఉంటుందని తెలుసు, నాకూ ఉండేది.

సీసా పట్టే తీరు వల్ల కూడా బిడ్డ తాగే కొలత మారిపోతుంది. పడుకోబెట్టి సీసాను నిలువుగా వంపితే పాలు ధారగా పడతాయి, బిడ్డ ఆగుదామన్నా ఆగలేక మింగుతూనే ఉంటుంది. తలను నీ మోచేతి వంపులో ఉంచి, కొంచెం నిటారుగా కూర్చోబెట్టినట్టు పట్టుకుని, పాలపీక నిండేంత వరకే సీసాను దాదాపు అడ్డంగా పట్టు. కొద్ది గుక్కల తరువాత సీసా కాస్త దించి ఊపిరి తీసుకోనివ్వు. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించు. ఒక పూట పాలు తాగడానికి 15 నుంచి 20 నిమిషాలు పడితే సరిగ్గా ఉన్నట్టు. దిండుకు ఆనించి సీసాను నోట్లో వదిలేసి పనికి వెళ్లడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకు, గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది.

ఇప్పుడు మొదట చెప్పిన ఆ కొలతకు వస్తాను. ఒకసారి నెలన్నర వయసున్న బిడ్డను మూర్ఛతో తీసుకువచ్చారు. పాలు తేలికగా అరగాలని ఇంట్లో పొడి సగానికి తగ్గించి కలుపుతున్నారు; నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోయింది. బిడ్డ బతికింది, కానీ ఆ తల్లి మొహం నేను మరచిపోలేదు. పొడి ఎక్కువైతే దీనికి విరుద్ధమైన ప్రమాదం: ఒంట్లో నీరు తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రపిండాల మీద భారం పడుతుంది. చాలా డబ్బాలకు 30 మి.లీ. నీళ్లకు ఒక చెంచా పొడి కొలతగా ఉంటుంది, కొన్నింటికి 60 మి.లీ.కి ఒక చెంచా ఉంటుంది. ఒక డబ్బాలోని చెంచాను మరో డబ్బాకు వాడకూడదు. ముందు నీళ్లు పోసి, సీసాను బల్ల మీద పెట్టి గీతను కళ్లకు ఎదురుగా చూసి, ఆ తరువాతే పొడి వేయాలి. చెంచాను అదమకుండా నింపి, శుభ్రమైన కత్తి వెనుక అంచుతో సమంగా గీయాలి. పొడి కలిశాక పాలు గీతకు కొంచెం పైకి వస్తాయి, అది సహజమే. పొడి ముందు వేసి గీత దాకా నీళ్లు పోస్తే నీళ్లు తగ్గి పాలు చిక్కబడతాయి.

పొడి చూడడానికి ఎంత శుభ్రంగా ఉన్నా అందులో సూక్ష్మజీవులు అసలే లేవని చెప్పలేం. సాల్మొనెల్లా, క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అరుదుగా ఉంటాయి, రెండు నెలల లోపు బిడ్డలకు వాటివల్ల ప్రాణాపాయం కలగవచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నీళ్లను మరిగించి, 70 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గకముందే పొడి కలపమంటుంది. ఒక లీటరు నీళ్లు మరిగించి దించాక అరగంట లోపు కలిపితే ఆ వేడి ఉంటుంది. నీ డబ్బా మీద చల్లటి నీళ్లతో కలపమని ఉంటే ఏది పాటించాలో వైద్యుణ్ణి అడుగు. కలిపిన తరువాత మూత బిగించి, సీసా అడుగును చల్లటి నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసి చూసి పట్టు. మైక్రోవేవ్‌లో వేడి చేయకు. సీసా చల్లగా ఉన్నట్టున్నా లోపల పాలు అక్కడక్కడ నోరు కాలేంత వేడిగా ఉంటాయి. కలిపిన పాలు రెండు గంటలకు మించి బయట ఉంచరాదు, బిడ్డ నోరు తగిలాక గంటలోపు ముగించి మిగిలినవి పారబోయాలి. సీసాలు, పీకలు సబ్బుతో బ్రష్ పెట్టి కడిగి, గాలి బుడగలు లేకుండా నీళ్లలో ముంచి 10 నిమిషాలు మరిగించు. రాత్రివేళకు పాలు ముందే కలిపి పెట్టుకునే బదులు, మరిగిన నీళ్లను ఫ్లాస్కు నిండా పోసి, ఆ పూటకు సరిపడే పొడిని పొడిగా ఉన్న శుభ్రమైన డబ్బీలో కొలిచి దగ్గర పెట్టుకో.

ఆరు నెలలు నిండేదాకా విడిగా మంచినీళ్లు, చక్కెర నీళ్లు ఏవీ వద్దు. తేనె ఏడాది నిండేదాకా ముట్టించకు. ఏడాదిలోపు డబ్బా పాలకు బదులుగా మామూలు ఆవుపాలు గానీ, గేదెపాలు గానీ పట్టకూడదు.

పాలు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి సీసా గీతలకంటే తడిసిన బట్టలు నమ్మదగినవి. ఐదారు రోజుల వయసు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు, బాగా లేత రంగులో మూత్రం పోయాలి. పుట్టిన బరువు తిరిగి వచ్చిన తరువాత తొలి నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున బరువు పెరగాలి. తాగిన తరువాత కొద్దిగా పాలు కక్కడం మామూలే, ఆడుకుంటూ నవ్వుతూ బరువు పెరుగుతున్న బిడ్డ కక్కితే బట్ట మార్చి ఊరుకో. అయితే ప్రతిసారీ దూరంగా ఎగజిమ్మినట్టు కక్కినా, ఆకుపచ్చగా కక్కినా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, పాలకు లేపినా లేవకుండా మగతగా ఉన్నా, మాడు లోపలికి గుంటపడినా, మలంలో రక్తం కనిపించినా, మలం సుద్దలా తెల్లగా ఉన్నా, ఒళ్లు 38 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాలినా, మరునాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపో. అటువంటి వేళ నాకు ఉత్తరం వ్రాస్తూ కూర్చోకు.

గోడకు ఒక కాగితం అంటించి, పాలు మొదలుపెట్టిన వేళ, తాగిన కొలత, తడిసిన బట్టలు, ఈ మూడే రెండు వారాల పాటు వ్రాయి. పద్నాలుగో రోజున తూయించడానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం వైద్యుడికి చూపించి, బరువు ఎంత వచ్చిందో నాకు తెలియజేయి. డబ్బాలోని చెంచా 30 మి.లీ.కా, 60 మి.లీ.కా అన్నది మాత్రం ఈ ఉత్తరం మడవకముందే లేచి చూసిరా.

ఇట్లు,
నీ పెద్దమ్మ