కుక్కకు ఐవర్‌మెక్టిన్ మోతాదు మించితే ఏం చేయాలి?

ప్రశ్న: మంద కుక్కకు పిడుదులు పట్టాయని, గొర్రెలకు వాడే ఐవర్‌మెక్టిన్ సూది మందును నిన్న సాయంత్రం చర్మం కింద వేశాను. కుక్క బరువు 15 కిలోలు. 0.3 మి.లీ. వేయాల్సింది పొరపాటున 3 మి.లీ. వేశాను. ఈ ఉదయం నుంచి తూలుతోంది, చొంగ కారుస్తోంది. ఏం చేయాలి?
– ఒక గొర్రెల పెంపకందారు, అనంతపురం జిల్లా

జవాబు: మీకు ఫోనులో చెప్పిన విషయాలనే, మిగతా కాపరులకూ పనికివస్తాయని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముందుగా కుక్కను దగ్గరలోని పశువైద్యశాలకు చేర్చండి. వెంటనే వెళ్లే వీలు లేకపోతే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి సలహా అడగండి. మందు సీసాను, వాడిన సిరంజిని వెంట తీసుకెళ్లి, ఎంత వేశారో, ఎన్ని గంటలకు వేశారో ఉన్నదున్నట్లు చెప్పండి. తిడతారన్న భయంతో చాలామంది ఇక్కడే తగ్గించి చెబుతారు. దానివల్ల చికిత్స దారి తప్పుతుంది.

మీరు వేసిన ఒక శాతం మందులో ప్రతి మి.లీ.కు 10 మి.గ్రా. ఐవర్‌మెక్టిన్ ఉంటుంది. అంటే మీ కుక్క ఒంట్లోకి 30 మి.గ్రా., కిలో బరువుకు 2 మి.గ్రా. చొప్పున చేరింది. ఇది వేయాల్సినదానికి 10 రెట్లు. సాధారణ కుక్కల్లో విష లక్షణాలు మొదలయ్యేది దాదాపు ఈ మోతాదు దగ్గరే కాబట్టి, సకాలంలో సంరక్షణ అందితే కోలుకునే అవకాశం బాగానే ఉంది. కోలీ అనే విదేశీ మంద కుక్కల జాతిలో మాత్రం మందు మెదడులోకి చేరకుండా అడ్డుకునే రక్షణ పుట్టుకతోనే లోపించి ఉండవచ్చు. అలాంటివాటికి ఇందులో పదో వంతు కూడా ప్రమాదమే.

టార్చి వేసి కళ్లు చూడండి. వెలుగు పడినా కంటిపాప చిన్నదవకుండా నల్లగా విచ్చుకునే ఉంటే, చేయి ఆడించినా రెప్ప వేయకపోతే, మందు మెదడుపై పనిచేస్తున్నట్లే. ఇలా పోయిన చూపు చాలావరకు కొన్ని రోజుల్లో తిరిగి వస్తుంది. వణుకు, మూర్ఛ, శ్వాస మందగించడం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఈ మందుకు విరుగుడు లేదు. పైత్యరసంతో పేగుల్లోకి దిగిన మందు మళ్లీ రక్తంలోకి చేరుతుంది కాబట్టి, సూదిగా వేసినప్పటికీ వైద్యులు యాక్టివేటెడ్ చార్‌కోల్ (మందును పట్టి ఉంచే బొగ్గు పొడి) ఇవ్వవచ్చు. సెలైన్‌తో పాటు అవసరాన్ని బట్టి కొవ్వు ద్రావణాన్ని నరంలోకి ఎక్కిస్తారు. కక్కించడం వల్ల మీ కుక్కకు ప్రయోజనం లేదు. ఉప్పునీళ్లు, మజ్జిగ, నూనె వంటివి దయచేసి పోయకండి. తూలుతున్న కుక్క సరిగా మింగలేదు, పోసినది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది.

ఇంటికి తెచ్చాక చీకటిగా, చప్పుడు లేని చోట మెత్తని గోనెపట్టాపై పడుకోబెట్టి, లేవలేకపోతే 3, 4 గంటలకోసారి పక్క మార్చండి. రెప్ప వేయలేని కళ్లు ఎండిపోకుండా వైద్యులు ఇచ్చిన చుక్కలు వేయండి. మందు ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి పూర్తిగా తేరుకోవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నీళ్లు తానుగా తాగి మింగగలిగాకే జావ పెట్టండి. ఈలోగా పిడుదులకు మరే మందూ వాడకుండా, చేత్తోనో పట్టకారతోనో ఏరివేయండి.

5 మి.లీ. సిరంజిపై గీతలు 0.2 మి.లీ. చొప్పున ఉంటాయి, దానిపై 0.3కు గీతే లేదు. ఇకపై వైద్యులు రాసిస్తేనే కుక్కకు ఈ మందు వేయించండి, అదీ 1 మి.లీ. సిరంజితోనే.