ముందు గోడ చూసుకో, తర్వాతే రంగులు కొను

అమ్మాయీ,

సెలవుల్లో పిల్లలతో కలిసి ఇంటిని మీ చేతులతోనే అలంకరించుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అని రాశావు. నువ్వు పంపిన జాబితా అంతా చదివాను. కాగితం పూలు, గోడ మీద బొమ్మలు, సీసాలకు రంగులు, లైటుకు కాగితం తొడుగు, పాత బట్టలతో తెర. అన్నీ చేయదగ్గవే. అయితే వాటిలో ఏది ఇంట్లో ఎక్కడ ఉండబోతోందో మాత్రం ఒక్కదాని పక్కనా రాయలేదు. నేను చెప్పాలనుకున్నదంతా ఆ విషయం గురించే.

వస్తువు తయారు చేసి చోటు వెతుక్కోవడం కాదు, చోటు చూసుకుని దానికి తగ్గ వస్తువు చేయాలి. అలా కాకపోతే రెండు రోజులు ఇల్లంతా సందడి చేసి తయారు చేసింది బీరువా మీదికి చేరుతుంది, అక్కణ్ణుంచి మంచం కిందికి పోతుంది. పెద్దవాళ్లు అది పట్టించుకోరు గానీ పిల్లలు గమనిస్తారు. తాము చేసినదానికి ఇంట్లో చోటు లేదని అర్థమయ్యాక మళ్లీ కుంచె పట్టుకోమంటే అంత హుషారుగా రారు.

కాబట్టి మొదటి రోజు ఏమీ కొనకు. పిల్లల్ని వెంటబెట్టుకుని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి గదులన్నీ తిరుగు. ఏ గోడ మీద నేరుగా ఎండ పడుతోంది, ఎంతసేపు ఉంటోంది, ఎక్కడ చెమ్మ ఉంది, గుమ్మంలోంచి రాగానే చూపు ఎటు పోతోంది, పిల్లలు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటున్నారు? ఇవన్నీ పెద్దదానిచేత ఒక కాగితం మీద రాయించు. సాయంత్రానికి ఒక్క గోడనో ఒక్క మూలనో ఎంచుకోండి. ఈ వేసవికి అది చాలు.

ఆరి మాటిస్ అనే ఫ్రెంచి చిత్రకారుడి సంగతి నీకు చెప్పాలి. 1941లో పెద్ద ఆపరేషన్ జరిగాక ఆయనకు ఎక్కువసేపు నిలబడి బొమ్మలు వేయడం కష్టమైపోయింది. కాగితాలకు రంగులు పూయించుకుని, కత్తెరతో ఆకారాలు కత్తిరించడం మొదలుపెట్టాడు. 1952 వేసవిలో ఈతగాళ్లను చూడాలనిపించి ఒక కొలను దగ్గరికి వెళ్లాడు. ఎండ భరించలేక తిరిగి వచ్చేసి, ఆ కొలనేదో ఇంట్లోనే చేసుకుందామని కూర్చున్నాడు. నీస్ నగరంలో తాను ఉంటున్న చోట, భోజనాల గది గోడల చుట్టూ తెల్ల కాగితం పట్టీ అంటింపజేసి, దాని మీద నీలిరంగు కాగితంతో ఈతగాళ్లను, నీటి తుళ్లింతలను కత్తిరించి పెట్టించాడు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. ఇప్పుడది న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అందులో వాడినవి కాగితం, రంగు, కత్తెర, సూదులు. నీ ఇంట్లో దొరకని వస్తువు ఒక్కటీ లేదు. ఆయనకు ముందుగా ఉన్నది ఆ గది, ఆ గోడలు. బొమ్మ వాటికి తగ్గట్టు వచ్చింది. మీ గోడకు కూడా ఒకే రంగు కాగితంతో ఇలాంటి పట్టీ ఒకటి చేయొచ్చు. చిన్నవాడికి మొద్దు మొన కత్తెర ఇవ్వు. ముందు పెన్సిలుతో గీయించకు, నేరుగా కాగితంలోకి కత్తిరించనివ్వు. గీత గీసి కత్తిరిస్తే కళ్లన్నీ గీత మీదే ఉంటాయి, ఆకారం బిగుసుకుపోతుంది.

ఎండ గురించి ఒక మాట. వేసవిలో ఎండ మనకు సాయమూ చేస్తుంది, పని పాడూ చేస్తుంది. రంగులు వేసే పని పొద్దున్నే పెట్టుకో. ఆరబెట్టేవి మధ్యాహ్నానికి వదిలెయ్. కత్తిరించడం, కుట్టడం, అంటించడం లాంటివి ఎండ ముదిరాక గదిలో కూర్చుని చేసుకోండి. ఈ వరస పాటిస్తే పిల్లలు అలిసిపోరు, నీకూ టెన్షన్ ఉండదు.

ఎండతోనే బొమ్మ వేయించే పని ఒకటి ఉంది. పిల్లలకు ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది నాకు తెలిసి ఇంకోటి లేదు. పసుపును స్పిరిట్‌లో కలిపి కాసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైకి తేలిన పసుపురంగు ద్రవాన్ని మందపాటి డ్రాయింగ్ కాగితానికి వెడల్పాటి కుంచెతో పూసి, వెలుతురు లేని చోట ఆరనివ్వు. స్పిరిట్ తొందరగా అంటుకుంటుంది, కాబట్టి పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి, ఈ భాగం నువ్వే చెయ్యి. ఆరిన కాగితం మీద చదునుగా ఉండే ఆకులు పరిచి, పైన అద్దం పెట్టి, చుట్టూ క్లిప్పులు బిగించి మంచి ఎండలో ఉంచండి. ఎండ తగిలిన చోట పసుపు మెల్లగా వెలిసిపోతుంది, ఆకు కింద అలాగే నిలిచి ఉంటుంది. ఎండ తీవ్రతను బట్టి కొన్ని గంటలు పట్టొచ్చు. అంచున ఒక ఆకు కొస కొద్దిగా ఎత్తి చూస్తే ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. తర్వాత నీళ్లలో కాస్త వంటసోడా కరిగించి మెత్తటి కుంచెతో పూయండి. పసుపురంగులో మిగిలిన భాగం చూస్తుండగానే ఎరుపుకు తిరుగుతుంది. వంటసోడా లాంటి క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, అంతే సూత్రం. ఈ బొమ్మ వెలుతురులో ఎల్లకాలం నిలవదు. అందుకని ఎండ సోకని గోడ మీదే పెట్టు, ముందుగా ఒక ఫొటో తీసి ఉంచు.

పెద్దదానికి ఇది నచ్చితే వచ్చే ఏడాది నీలి ముద్రలు నేర్పు. సైనోటైప్ అంటారు. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లిషు శాస్త్రవేత్త కనిపెట్టాడు, మరుసటి ఏడాదే ఆనా ఆట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచు మొక్కలను ఇలాగే ముద్రించి పుస్తకంగా తెచ్చింది. దానికి రసాయనాలు కావాలి, చేతులకు గ్లౌజులు కావాలి, ఇప్పుడే తొందర వద్దు.

గోడకు రంగు వేయాలనుకుంటే డబ్బా తెరిచే ముందు గోడను తుడిచి, పెచ్చులు తీసి, పగుళ్లకు పుట్టీ పెట్టి, ప్రైమర్ వేయడం తప్పదు. అందంగా ఉండేది పై పూత అయినా అది నిలిచేది కింద చేసిన పని మీదే. చెమ్మ ఉన్న గోడను అసలు ముట్టుకోకు, ముందు చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించు. ఇల్లు బాగా పాతదైతే పాత పూతల్లో సీసం ఉండొచ్చు. పిల్లలు ఉండగా దాన్ని పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ము వాళ్లకు చాలా హాని చేస్తుంది. అలాంటి గోడను వదిలేసి ఇంకో గోడ చూసుకోవడమే మేలు. ఎండకు వేడెక్కిన గోడ మీద రంగు కుంచె తీసేలోపే ఆరిపోయి చారలు పడుతుంది. చేత్తో తాకి చూడు, వెచ్చగా ఉంటే ఆ పూటకు ఆపెయ్.

చారలో త్రికోణాలో వేయాలంటే మాస్కింగ్ టేప్ వాడండి. టేప్ అంటించాక దాని అంచు వెంట ముందుగా గోడకు ఉన్న పాత రంగునే పలచగా పూసి ఆరనివ్వు. టేప్ కిందికి కారేదేదో ఆ రంగే కారి సందులు మూసుకుపోతాయి. ఆ తర్వాత కొత్త రంగు వేస్తే అంచు కోసినట్టు వస్తుంది. రంగు ఇంకా కొంచెం పచ్చిగా ఉండగానే టేప్‌ను వెనక్కి మడిచి మెల్లగా లాగెయ్. ఎండ పడే గోడ మీద రోజుల తరబడి వదిలేస్తే జిగురు గోడకే పట్టుకుంటుంది.

కాగితం ముక్కలను జిగురుతో పొరలుగా అంటించి చేసే పనులు, అంటే గిన్నెలు, ముఖం బొమ్మలు వంటివి, వేసవిలోనే చేయాలి. వానల్లో ఆరక బూజు పడతాయి. మైదాను నీళ్లలో ఉండలు లేకుండా కలిపి సన్నటి మంట మీద చిక్కబడేదాకా కాస్తే జిగురు తయారు. పాత పేపరును కత్తిరించొద్దు, చింపండి. చింపిన అంచు పలచగా ఉండి పక్క ముక్కలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా లేచి కనిపిస్తుంది. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. మూడు నాలుగు పొరలు వేస్తే గట్టిగా ఉంటుంది. బెలూన్ మీద చేస్తే నీడలోనే ఆరబెట్టు. ఎండకు లోపలి గాలి వ్యాకోచించి తడి పొర పగులుతుంది, లేదా బెలూన్ పేలిపోతుంది.

లైటుకు కాగితం తొడుగు చేస్తే ఎల్ఈడీ బల్బు మాత్రమే పెట్టు, కాగితం బల్బుకు తగలకుండా ఖాళీ ఉండాలి. ఒకదాని కింద ఒకటిగా కొమ్మలకు వేలాడే బొమ్మలు కట్టేటప్పుడు కింది కొమ్మ నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. కింద తూకం కుదిరాకే పైదానికి దారం కట్టండి.

తగిలించడం దగ్గర చాలామంది తొందరపడతారు. బొమ్మలన్నీ ముందు నేల మీద పరిచి వరస చూసుకోండి. ఒక్కో బొమ్మ కొలతకు పాత పేపరు కత్తిరించి టేపుతో గోడకు అంటించి, ఒక రోజు అలాగే ఉంచండి. అప్పుడే మేకు కొట్టు. బొమ్మ మధ్య భాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసే పెద్దవాళ్లకు సరిపోతుంది, మ్యూజియాల్లో దాదాపు అంతే ఎత్తు పెడతారు. కానీ చూసేది పిల్లలైతే వాళ్ల కళ్ల ఎత్తుకే దించు. వాళ్ల బొమ్మ చూడ్డానికి వాళ్లే తల ఎత్తాల్సి రావడం నాకు నచ్చదు. స్కెచ్ పెన్నులతో వేసినవి వెలుతురుకు త్వరగా వెలుస్తాయి, వాటిని కిటికీ ఎదురుగా పెట్టకు. వెనక పెన్సిలుతో పేరు, తేదీ రాయించు.

ఇక పిల్లల విషయం. పెద్దదానికి కొలతల పని అప్పగించు, టేపు పట్టుకుని లెక్క వేయడం దానికి ఇష్టం. చిన్నవాడికి పూయడం, చింపడం ఇవ్వు. వాడి గీత వంకరగా ఉందని, వాళ్లు పడుకున్నాక రాత్రి నువ్వు కూర్చుని సరిచేయొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. పొద్దున లేచి చూడగానే వాడికి తెలిసిపోతుంది, ఏమీ అనడు, కానీ ఆ గోడ ఇక వాడిది కాదు. నీకు తప్పకుండా తిన్నగా కావాల్సిన భాగం ఉంటే, అది నీ భాగమని ముందే చెప్పి నువ్వే వేసుకో. మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టు. బొమ్మలు రావంటే టేప్ అంటించడం, నిచ్చెన పట్టుకోవడం అయినా వస్తాయి కదా.

మధ్యలో విసుగొస్తే ఒక రోజు ఆపండి, ఫరవాలేదు. రంగు డబ్బాల మూతలు గట్టిగా పెట్టి, కుంచెలు కడిగి, వెంట్రుకలు వంగకుండా పడుకోబెట్టి ఉంచితే చాలు. కొత్త పని మాత్రం ఇది పూర్తయ్యేదాకా మొదలుపెట్టొద్దు.

ఏ గోడ ఎంచుకున్నారో రాయి. పొడవు, ఎత్తు, కిటికీ ఎటు వైపు ఉంది, ఎండ ఎన్ని గంటలకు పడుతుంది, ఇప్పుడున్న రంగు ఏమిటి, ఇవన్నీ కావాలి. పెద్దదాన్ని గోడ బొమ్మ గీసి కొలతలు వేసి పంపమను. ఎంత కాగితం, ఎంత రంగు పడుతుందో లెక్క వేసి చెబుతాను, అది వచ్చాకే కొనుక్కోండి.

నీ పెద్దమ్మ