బుల్లెట్ బాఫిల్ తీసేస్తే చలానాతో సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారి పేరు మీద 2018 మోడల్ బుల్లెట్ 350 ఉంది. నడిపేది నేను. బయట దొరికే సైలెన్సర్ ఏదీ కొనలేదు. కంపెనీ సైలెన్సర్‌నే ఇంట్లో విప్పి, లోపల శబ్దాన్ని తగ్గించే భాగమైన బాఫిల్‌ను తీసేసి మళ్లీ బిగించాను. శబ్దం గంభీరంగా మారింది. ఇటీవల ట్రాఫిక్ పోలీసులు బండి ఆపి చలానా రాశారు, లైసెన్సు కూడా తీసుకున్నారు. నా బండి, నా సైలెన్సర్, మా ఇంట్లో చేసుకున్న పని. ఇందులో నేరం ఏముంది? మీటరు పెట్టి కొలవకుండా చలానా వేయవచ్చా? నాన్నగారికి ఏమైనా ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందుగా మీ చలానా తీసి, అందులో ఏ సెక్షన్ రాశారో చూడండి. మీ వ్యవహారం ఎంత దూరం వెళుతుందన్నది ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. మోటారు వాహనాల చట్టంలోని 194ఎఫ్ అయితే మొదటిసారికి వెయ్యి రూపాయల జరిమానాతో పోతుంది. అయితే సైలెన్సర్ విషయంలో ఆ సెక్షన్ వర్తించేది పొగ సైలెన్సర్ గుండా కాకుండా పక్కదారిన బయటికి పోయేలా అమర్చుకున్న బళ్లకు. మీ బండిలో పొగ సైలెన్సర్ గుండానే వస్తోంది కాబట్టి, అందులోనూ లైసెన్సు తీసుకున్నారు కాబట్టి, అక్కడ 190(2) రాసి ఉండే అవకాశమే ఎక్కువ. రహదారి భద్రత, శబ్ద కాలుష్యం, వాయు కాలుష్యాలకు సంబంధించిన ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపడం ఆ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత దీనికి మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వీటితోపాటు మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత ఉంటుంది.

‘మా ఇంట్లో చేసుకున్న పని’ అన్నారు. నిజమే, మీ పెరట్లో బండి విప్పి పెట్టుకున్నంత కాలం ఈ సెక్షన్ మీ గడప తొక్కదు. ఆ బండితో రోడ్డెక్కిన క్షణం నుంచి వర్తిస్తుంది. పని ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అని అది అడగదు.

‘కంపెనీ సైలెన్సరే కదా’ అన్న వాదన మీకు అనుకూలంగా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ ఇంజిన్ నుంచి వెలువడే వాయువుల శబ్దాన్ని సాధ్యమైనంత వరకు తగ్గించే సాధనం ఉండాలి. సైలెన్సర్‌లో ఆ పని చేసేది రంధ్రాలున్న లోపలి గొట్టం, అడ్డు పలకలు, వాటి చుట్టూ ఉండే దూది లాంటి పీచు. వాటిని లాగేస్తే మిగిలేది క్రోమియం పూత పూసిన డొల్ల గొట్టం. దాని మీద కంపెనీ ముద్ర ఉన్నా నిబంధన కోరిన సాధనం అక్కడ లేనట్టే. ఆగి ఉన్న బండి వెనక కూర్చుని టార్చి వేసి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇక మీటరు సంగతి. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు తయారీ దశలో పరిమితి 80 డెసిబెల్స్ అన్నది వాస్తవమే. కానీ ఆ కొలత రోడ్డు పక్కన సైలెన్సర్ దగ్గర ఫోను పెట్టి తీసేది కాదు. పరీక్షా కేంద్రంలో బండి వేగం పుంజుకుంటూ వెళుతుండగా, అది వెళ్లే దారికి 7.5 మీటర్ల దూరంలో మైకు ఉంచి కొలుస్తారు. మీ ఫోనులోని యాప్ 78 చూపించిందని కోర్టులో చెబితే నిలవదు. అదే విధంగా పోలీసులు చెవితో విని ‘ఎక్కువ శబ్దం’ అని రాసిన చలానాను మీరు కోర్టులో ప్రశ్నించవచ్చు, ఆ హక్కు మీకుంది. సైలెన్సర్ చెక్కుచెదరకుండా ఉన్నవారికి ఈ వాదన నేను తప్పకుండా సూచిస్తాను. మీకు సూచించలేను. బాఫిల్ తీశానని మీరే రాశారు. ఆ ఖాళీ గొట్టాన్ని చూపిస్తే చాలు, మీటరు లేదన్న వాదన చాలా బలహీనపడుతుంది.

ఆర్సీలో సైలెన్సర్ వివరాలు ఉండవు కాబట్టి మార్చినా తప్పు లేదని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఇందులో కొంత వాదనకు చోటుంది. 52వ సెక్షన్ నిషేధించేది వాహన నిర్మాణంలో, దాని మౌలిక లక్షణంలో మార్పు తెచ్చే పనులను. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. బాఫిల్ తీయడం మౌలిక లక్షణాన్ని మార్చడమా కాదా అని లాయర్లు రెండు వైపులా వాదించగలరు. కానీ ఆ వాదనలో గెలిచినా 190(2) అలాగే ఉంటుంది, దానికి ఆర్సీతో పని లేదు.

మీరు అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవలసింది లైసెన్సు. చాలామంది చలానా డబ్బు కట్టేసి పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. 206(4) సెక్షన్ ప్రకారం 190 కింద నేరం జరిగిందని నమ్మిన అధికారి లైసెన్సు తీసుకుని, 19వ సెక్షన్ కింద చర్య (అనర్హత లేదా రద్దు) కోసం రవాణా శాఖకు పంపుతారు. జరిమానా కట్టి రాజీ చేసుకున్నా ఈ ప్రక్రియ ఆగదు. లైసెన్సు తీసుకున్నప్పుడు మీకు తాత్కాలిక రసీదు ఇచ్చి ఉంటారు. దాన్ని జేబులో పెట్టుకుని బండి నడిపేవారు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. లైసెన్సు తిరిగి వచ్చేదాకా ఆ రసీదు బండి నడిపే అధికారం ఇవ్వదని అదే సెక్షన్‌లో ఉంది. అనర్హత వేటు పడ్డాక నడుపుతూ దొరికితే 182 కింద మరో కేసు, దానికీ పదివేల జరిమానా.

అయితే 19వ సెక్షన్ మీకు ఒక అవకాశం కూడా ఇస్తోంది. మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వకూడదు. అందుకే నోటీసు వచ్చేలోపే బండిని సరిచేయించండి. తీసిన బాఫిల్ పాడవకుండా ఇంట్లో ఉంటే మళ్లీ బిగించండి. గ్రైండరుతో కోసి ఉంటే వెల్డింగుతో అతికించే ప్రయత్నం వద్దు, అదే మోడల్‌కు కంపెనీ సైలెన్సర్ కొనండి. బిల్లు, బిగించిన తర్వాత తీసిన ఫొటోలు, కొత్త పొల్యూషన్ సర్టిఫికెట్ పట్టుకుని విచారణకు వెళ్లండి. ఇది మొదటిసారి అని, లోపం సరిచేశామని లిఖితపూర్వకంగా ఇవ్వండి. దానితో అనర్హత తప్పుతుందని హామీ ఇవ్వలేను గానీ, ఉత్త చేతులతో వెళ్లి వాదించడం కన్నా ఇది ఎంతో మేలు. పోలీసులు సైలెన్సర్ విప్పి తీసుకుంటే మాత్రం తప్పకుండా రసీదు అడగండి.

నాన్నగారి విషయం. 190(2) నడిపినవారితో పాటు నడపనిచ్చినవారికీ వర్తిస్తుంది. ఆయన బండి యజమాని కాబట్టి, చట్టం అనుమతించని మార్పు యజమాని చేస్తే శిక్షించే 182ఎ(4) కింద కూడా నోటీసు రావచ్చు. దానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా, లేదా రెండూ. మార్పు చేసింది ఆయన కాదని వాదించవచ్చు, కానీ తెలిసి ఊరుకున్నారా అన్న ప్రశ్న ఎదురవుతుంది. రేపు బండికి ప్రమాదం జరిగితే, సొంత నష్టానికి పెట్టిన క్లెయిములో ఈ మార్పును తమకు తెలియజేయలేదని బీమా కంపెనీ పేచీ పెట్టే వీలు కూడా ఉంది.

శబ్దం గంభీరంగా మారిందని సంతోషంగా రాశారు కాబట్టి ఒక మాట చెప్పాలి. నివాస ప్రాంతంలో రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు 45 డెసిబెల్స్ మించకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోని ప్రమాణం. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ రాత్రి 40. గుంటూరులో ఆసుపత్రి పక్కన లేని వీధులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఇలాంటి సైలెన్సర్ల మోతపై అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచ్ 2021లో ఎవరూ పిటిషన్ వేయకముందే తనంతట తానుగా విచారణ చేపట్టింది. ఆపరేషన్ అయి పడుకున్న మనిషి కిటికీ కింద మీ బండి వెళ్లినప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. మీ ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహితలోని 292వ సెక్షన్ కింద ప్రజా ఉపద్రవం కేసు కూడా పెట్టవచ్చు. అందులో జరిమానా వెయ్యి రూపాయలే, కానీ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు మీ మీద కేసులున్నాయా అని అడిగే కాగితంలో దాన్ని రాయవలసి ఉంటుంది.