సోలార్ ఫీడర్ కావాలని ఎమ్మెల్యేకు వినతిపత్రం ఎట్లా రాస్తే పనవుతుంది?

"కాలుష్యం తగ్గించండి, సోలార్ పెంచండి" అని రాసిస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. అడిగేది ఒక్కటే ఉండాలి. "మా 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఫలానా వ్యవసాయ ఫీడర్‌ను పీఎం కుసుమ్ కింద సోలార్‌కు మార్చండి" అనండి. పీఎం కుసుమ్ అంటే సాగుకు సోలార్ కరెంటు ఇచ్చే కేంద్ర పథకం. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి బోర్లకు కరెంటు తెచ్చే లైన్, దాని పేరు లైన్‌మన్‌ను అడిగితే తెలుస్తుంది. దాని మీద బోర్లెన్ని, ఎన్ని హెచ్‌పీ మోటార్లు, దగ్గర్లో బీడు భూమి ఎంతుందో సర్వే నంబర్లతో రాయండి. ఒక మెగావాట్‌కు సుమారు 4 ఎకరాలు కావాలి. భూమి సబ్‌స్టేషన్‌కు దూరమైతే లైన్ ఖర్చు పెరుగుతుంది, ప్రతిపాదనకు అదే అడ్డం కావచ్చు. అందుకే దూరం కూడా రాయాలి.

దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం బొగ్గుతోనే నడుస్తుంది. నల్లగొండ, పాలమూరు బోర్లకు పగటిపూట కావాల్సిన కరెంటైనా ఎండ నుంచి రావాలని గట్టిగా అడగడం న్యాయం.

వినతిపత్రం ఇచ్చి ఇన్‌వార్డ్ నంబర్ (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబర్) తీసుకోండి. కదలకపోతే ఆ నంబర్‌తో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇదే కోరిక వినిపించేందుకు చాలామంది వదిలేసే దారి ఇంకొకటుంది. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) చార్జీల ప్రతిపాదనలు వేసినప్పుడు, ఆ చార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశంతో పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు. గడువులోపు పేరు, చిరునామాతో రాసి, డిస్కంకూ మండలికీ పంపండి. విచారణలో స్వయంగా మాట్లాడతానని అందులోనే రాయడం మరవొద్దు.