ఆర్మీ ఆస్పత్రి రిపేర్లు: టెండర్ వస్తుంది, వార్డే చేతికి రాదు

కేంద్ర ప్రభుత్వ పనుల మీద ప్రశ్నలు పంపమంటే ఈసారి ఎక్కువమంది మిలిటరీ ఆస్పత్రుల గురించే అడిగారు. ఇరవై ఏళ్లు ఇవే పనులు చేసి, మోకాళ్లు అరిగాక మానేసినవాణ్ని కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

ప్రశ్న: మున్సిపాలిటీలో సీసీ రోడ్లు, డ్రైన్లు చేసే చిన్న కాంట్రాక్టర్‌ని. మిలిటరీ ఆస్పత్రి వార్డుల్లో బాత్రూమ్ లీకేజీలు ఆపి టైల్స్ మార్చే పనికి టెండర్ పడింది. ఎలా వేయాలి? ఎంత లెస్ వేస్తే వస్తుంది?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ఎంత లెస్, అంటే వాళ్ల అంచనా కంటే ఎంత శాతం తక్కువ, అన్నది ఆఖరికి చూద్దాం. అసలు అక్కడ ఎవరి పని ఎవరిదో ముందు తెలియాలి. ఆస్పత్రిని నడిపేది కమాండెంట్, డాక్టర్లు. గోడలు, పైపులు, వైరింగ్ చూసేది ఎంఈఎస్, అంటే మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్, 1923 నుంచి ఉన్న సంస్థ. మీరు రోజూ మొహం చూడాల్సింది గ్యారిసన్ ఇంజనీర్ ఆఫీసుని, అందరూ జీఈ అంటారు. దాని కింద బిల్డింగులకి బీఆర్, కరెంటుకీ పంపులకీ ఈఎం అని రెండు వైపులుంటాయి, మీ బాత్రూమ్‌లో గీజర్ ఉంటే రెండు వైపులా తిరగాల్సిందే. తిరుమలగిరిలోని మిలిటరీ ఆస్పత్రి అయినా, విశాఖలో నేవీ వాళ్ల ఆస్పత్రి కల్యాణి అయినా కథ ఇదే.

టెండర్లు డిఫెన్స్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో పడతాయి, దానికి డిజిటల్ సిగ్నేచర్ కావాలి. ఎంఈఎస్‌లో ఎన్‌లిస్ట్ అయి, అంటే వాళ్ల కాంట్రాక్టర్ల జాబితాలో చేరి, స్టాండింగ్ సెక్యూరిటీ బాండ్ రాసిచ్చినవాళ్లకి ప్రతి టెండర్‌కీ ఈఎండీ (టెండర్‌తో పాటు కట్టే ధరావతు) కట్టే బాధ ఉండదు. మీకు ఎన్‌లిస్ట్‌మెంట్ లేదు కాబట్టి చేసిన పనుల సర్టిఫికెట్లు, సాల్వెన్సీ (ఆర్థిక స్తోమత పత్రం) వగైరా అన్నీ జతచేయాలి. ఆ పత్రాలు పెట్టిన కవర్ ముందు తెరుస్తారు, అందులో పాసైతేనే రేటు కవర్ జోలికి వెళ్తారు. ఒక్క కాగితం తగ్గి బయటికొచ్చిన వాళ్లని చాలామందిని చూశాను, కాబట్టి చివరి రోజు రాత్రి పదకొండింటికి అప్‌లోడ్ చేయకండి.

టెండర్ కాగితాల్లో షెడ్యూల్ 'ఏ' పని వివరాలు, అది అందరూ చదువుతారు. షెడ్యూల్ ఆఫ్ క్రెడిట్స్ అని ఇంకోటి ఉంటుంది, కొత్తవాళ్లు దాన్ని వదిలేస్తారు. మీరు ఊడదీసిన పాత తలుపులు, పైపులు, కుళాయిలకి వాళ్లే ఒక విలువ కట్టి, ఆ సరుకు మీకిచ్చి, ఆ డబ్బు మీ బిల్లులో కోస్తారు. పాత ఇత్తడి కుళాయి అని లిస్టులో ఉంటుంది, ఊడదీశాక చూస్తే చేతికొచ్చేది తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఇనుము) ముక్క. కాబట్టి సైట్ చూడకుండా రేటు వేయొద్దు.

ఇక లెస్. పక్కవాడు ముప్ఫై లెస్ వేశాడని మీరు ముప్ఫై రెండు వేస్తే పని వస్తుంది, వచ్చిన రోజు నుంచే నిద్ర పోతుంది. రేటు జీఎస్టీతో కలిపి అడిగారో లేదో చూడండి. కలిపి అయితే, ప్రభుత్వ పనులకి ఇప్పుడు 18 శాతం కాబట్టి (2022 జూలై 17 దాకా 12 ఉండేది, ఆ పాత లెక్కతోనే వేసి మునిగినవాళ్లున్నారు), 10 లక్షలకి కోట్ చేస్తే మీ డబ్బు 8,47,458 మాత్రమే. అందులోంచి లేబర్ సెస్ 1 శాతం పోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ టీడీఎస్ మీరు సొంతంగా చేస్తే 1 శాతం, ఫర్మ్ అయితే 2. కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ అని ఇంకో 2. ఈ టీడీఎస్‌లు తర్వాత సర్దుబాటవుతాయి, సిమెంటు, టైల్స్ మీద మీరు కట్టిన జీఎస్టీ కూడా సెట్ అవుతుంది, నిజమే. కానీ శనివారం మేస్త్రీకి ఇవ్వాల్సింది నోట్లు కదా, క్రెడిట్ కాదు.

రోడ్డు పనికీ దీనికీ అసలు తేడా పేషెంట్లు మంచాల మీద ఉండగానే పని చేయాలి. ఆరు బాత్రూమ్‌లుంటే ఆరూ ఒకేసారి ఇవ్వరు, ఒకటి పూర్తయితే ఇంకోటి. వాటర్‌ప్రూఫింగ్ వేశాక నీళ్లు నింపి రెండు రోజులు వదిలి కింది అంతస్తు సీలింగ్‌లో చెమ్మ దిగిందా అని చూడాలి, ఆ రెండు రోజులూ మీ మనుషులకి పని ఉండదు, కూలి ఉంటుంది. పైగా మధ్యాహ్నం రెస్ట్ టైమ్‌లో సుత్తి మోగకూడదు, గేటు పాస్‌కి పోలీస్ వెరిఫికేషన్ కావాలి కాబట్టి ఒక కూలి ఊరెళ్తే బదులు ఇంకొకణ్ని వెంటనే తెచ్చుకోలేరు. ఇవన్నీ రేటులో కలుపుకోండి. పాత ప్లాస్టర్ కొట్టేటప్పుడు తలుపుకి ప్లాస్టిక్ షీట్ కట్టి, నీళ్లు చల్లి కొట్టించండి. ఆ దుమ్ములో ఉండే ఫంగస్ మామూలు మనిషిని ఏం చేయదు, కీమో తీసుకుంటున్నవాడి ప్రాణం మీదికి తెస్తుంది.

నా పొరపాటు ఒకటి చెబుతాను, ఆస్పత్రి పేరు వద్దు. వార్డు గోడకి హ్యాండ్‌రెయిల్ బిగించాలి. డ్రాయింగ్ అడగలేదు, తొందర. డ్రిల్ రెండంగుళాలు దిగిందో లేదో లోపల్నుంచి ప్రెషర్ కుక్కర్ విజిల్ పోయినట్టు బుస్సుమని శబ్దం. ఆక్సిజన్ పైపు. సిస్టర్ ఒకావిడ మమ్మల్ని తోసుకుంటూ వెళ్లి కారిడార్‌లో డబ్బా తెరిచి వాల్వ్ కట్టేసింది, ఇంకో ఇద్దరు సిలిండర్లు లాక్కొచ్చారు. ఎవరికీ ఏం కాలేదు. ఆ పైపు అతికించే ఖర్చు నాదే, అదీ న్యాయమే. గ్యాస్ లైన్ ఎటుపోతోందో కాగితం మీద గీసి సంతకం పెట్టి ఇచ్చేదాకా డ్రిల్ ముట్టొద్దు. ఎక్స్‌రే గదిలో అయితే గోడలో సీసం రేకు ఉండొచ్చు, మేకు కూడా కొట్టకండి.

ప్రశ్న: ఆర్నెల్ల పని పది నెలలు పట్టింది. ఐసీయూ పక్క వార్డు నాలుగు నెలలు ఖాళీ చేసి ఇవ్వలేదు. ఇప్పుడు ఆలస్యానికి పెనాల్టీ కోస్తామంటున్నారు. ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టేయమంటున్నారు. టెన్షన్‌తో బీపీ పెరిగింది.
– పేరు వద్దన్నారు, గాజువాక

జవాబు: సంతకం ఆపండి. ఫైనల్ బిల్లుతో పాటు 'ఇక నాకు ఏ బాకీ లేదు' అని రాయించుకుంటారు, అది రాశాక ఎన్ని కోర్టులు తిరిగినా మొదటి ప్రశ్న దాని మీదే. మీకు రావాల్సినవన్నీ బిల్లులోనే చేర్చండి, ఒప్పుకోని చోట అభ్యంతరంతో అని రాసి సంతకం పెట్టండి.

ఎంఈఎస్ కాంట్రాక్టుల జనరల్ కండిషన్స్ పుస్తకం, ఐఏఎఫ్‌డబ్ల్యూ-2249, దగ్గర పెట్టుకోండి. గడువు పొడిగింపు 11వ కండిషన్ కింద అడగాలి. సైట్ వాళ్లే ఇవ్వకపోతే ఆలస్యం మీది కాదు, కానీ అది కాగితం మీద ఉండాలి. వార్డు ఇవ్వలేదని ఆ నాలుగు నెలల్లో ఎన్ని లెటర్లు రాశారు? ఇది అడిగితే అందరూ నేల చూపులు చూస్తారు, 'జేఈ (జూనియర్ ఇంజనీర్) గారికి నోటితో చెప్పానండీ' అంటారు. ఆ జేఈ ఈపాటికి ఏ పఠాన్‌కోట్‌కో బదిలీ అయ్యుంటాడు. సైట్ ఆర్డర్ బుక్, వర్క్స్ డైరీలో ఆ రోజుల్లో ఏం రాశారో వెతకండి, వాట్సాప్ మెసేజ్‌లూ ఫోటోలూ తేదీలతో ప్రింట్ తీయండి. అక్కడా తేలకపోతే 70వ కండిషన్ ఆర్బిట్రేషన్. ఆ దశకి లాయర్ కావాలి, నేను చాలను.

ప్రశ్న: అంకుల్, ఇక్కడ మేరీల్యాండ్‌లో ఉంటాం. మన దగ్గరే ఈ లంచాలు, లీకేజీలు. అమెరికాలో సైనికుల ఆస్పత్రులకి ఇలా జరగదు కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఇంటికి దగ్గర్లోనే జరిగింది. వాషింగ్టన్‌లో వాల్టర్ రీడ్ ఆర్మీ ఆస్పత్రి. ఇరాక్‌లో గాయపడి వచ్చిన సైనికుల్ని రోడ్డుకి అవతల బిల్డింగ్ 18 అనే పాత హోటల్లో పెట్టారు. 2007 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్ట్ రాసేదాకా ఆ గోడల బూజు, ఎలుకలు, బొద్దింకల సంగతి లోకానికి తెలియదు.

నాకు ఆసక్తి కలిగించింది బూజు కాదు, దాని వెనక కాంట్రాక్టు. ఆస్పత్రి మెయింటెనెన్స్ ప్రభుత్వ ఉద్యోగులు చేయాలా, ప్రైవేటుకివ్వాలా అని పోటీ పెట్టారు. 2004లో ఉద్యోగుల లెక్కే చవక అన్నారు, అప్పీల్ తర్వాత తీర్పు తిరగబడి 2006 జనవరిలో ఒక కంపెనీకి అయిదేళ్లకి 12 కోట్ల డాలర్ల పని ఇచ్చారు. కంపెనీ చార్జ్ తీసుకుంది 2007 ఫిబ్రవరిలో. మధ్యలో ఉన్న ఏడాదిలో, ఎలాగూ ఉద్యోగం పోతుందని తెలిసినవాళ్లు ఊరుకుంటారా, దాదాపు 300 మంది ఉండే చోట 60 మంది కూడా మిగల్లేదు. దీనికి తోడు ఆ ఆస్పత్రిని మూసేయాలని 2005లోనే నిర్ణయమైంది, మూసేసేదానికి డబ్బెందుకన్న ధోరణి. ఆస్పత్రి కమాండర్‌ని తీసేశారు, మర్నాడు ఆర్మీ సెక్రటరీ రాజీనామా చేశారు. 2011లో ఆ ఆస్పత్రి బెథెస్డాకి మారింది. ఇందులో లంచం ఏదీ కనపడదు, చూశారా. పాత మేస్త్రీ వెళ్లిపోయాడు, కొత్త మేస్త్రీ రాలేదు, ఆ మధ్యలో వాన పడింది.

ప్రశ్న: మాజీ సైనికుణ్ని. మా ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో వర్షం వస్తే మందుల గదిలో బకెట్లు పెడుతున్నారు. ఎవరిని అడగాలి?
– కడప జిల్లా నుంచి

జవాబు: ముందు ఆ బిల్డింగ్ సొంతమా, అద్దెదా కనుక్కోండి సార్. చాలా క్లినిక్‌లు అద్దె ఇళ్లలోనే ఉన్నాయి, అక్కడ రిపేరు ఎవరు చేయాలన్నది అగ్రిమెంట్ మీద ఆధారపడుతుంది. ఏదైనా సరే మొదటి అర్జీ క్లినిక్ ఆఫీసర్ ఇన్‌చార్జ్‌కి, కాపీ స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కి ఇవ్వండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. బకెట్ల ఫోటో జతచేయండి. కదలిక లేకపోతే ఆర్టీఐ వేయండి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. అందులో 'ఎందుకు బాగు చేయలేదు' అని అడిగితే సమాచారం కాదని తిప్పి పంపుతారు. కప్పు లీకేజీ మీద ఇన్నాళ్లుగా వచ్చిన ఫిర్యాదుల కాపీలు, వేసిన ఎస్టిమేట్ కాపీ, అద్దెదైతే అగ్రిమెంట్ కాపీ ఇవ్వమని అడగండి.